వాలు లెక్కలో వాన ఎక్కడ?

మన విశాఖ చుట్టుపక్కల ఏ కొండ తవ్వుతామని ప్రతిపాదన వచ్చినా మాటలన్నీ దుమ్ము మీద, బ్లాస్టింగ్ మీద, ఎండిపోయే ఊటల మీద నడుస్తాయి. అవన్నీ అడగాల్సినవే. కానీ తవ్వాక మిగిలే వాలు నిలబడుతుందా అని అడిగేవాళ్లు తక్కువ, నాకు టెన్షన్ అక్కడే.

ఈ ప్రశ్నకి వందేళ్ల చరిత్ర ఉంది. 1916లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో రేవు గోడ జారిపోతే, కింద మట్టి గుండ్రటి గీత వెంబడి కదిలిందని అక్కడి ఇంజనీర్లు గమనించారు. జారే మట్టిని నిలువు ముక్కలుగా ఊహించుకుని, పట్టి ఉంచే బలం ఎంత, కిందికి లాగే బలం ఎంత అని చూసే లెక్క అలా మొదలైంది. 1955లో బిషప్ అనే బ్రిటిష్ ఇంజనీర్ దాన్ని మెరుగుపరిచాడు. పట్టి ఉంచే బలాన్ని కిందికి లాగే బలంతో భాగిస్తే వచ్చేదే భద్రతా గుణకం, అది ఒకటి కంటే తగ్గిందంటే వాలు జారినట్టే.

అయితే ఆ అంకె ఎండాకాలంలో ఒకటి, వానాకాలంలో ఇంకొకటి. మట్టిలో, రాతి పగుళ్లలో చేరిన నీటి ఒత్తిడి పట్టుని తగ్గించేస్తుంది. 1966 అక్టోబర్ 21న వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో జరిగింది అదే: ఊటల మీద పోసిన బొగ్గుగని వ్యర్థాల గుట్ట నీళ్లు పట్టి జారి బడి మీద పడింది, 144 మంది చనిపోయారు, వాళ్లలో 116 మంది పిల్లలు. మన దేశంలో 2016 డిసెంబర్ 29న జార్ఖండ్‌లోని లాల్‌మటియా గనిలో మట్టి కూలి 23 మంది కార్మికులు పోయారు. అంతకుముందు 2013లో అమెరికాలోని బింగ్‌హామ్ గనిలో అంతకంటే చాలా పెద్ద వాలు కూలింది, కానీ రాడార్‌తో కదలిక ముందే కనిపెట్టి అందర్నీ బయటికి పంపడంతో ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఇక మన కొండల సంగతి. ఇవి ఎక్కువగా ఖోండలైట్ అనే రాయి. తాజా రాయి గట్టిదే, కానీ ఎండకీ వానకీ నాని నాని బంకమట్టిలా మారిపోతుంది, ఏజెన్సీ కొండల మీద బాక్సైట్ ఏర్పడింది కూడా ఇది అలా మారడం వల్లే. పైగా దీనిలో పొరలుంటాయి, పొర వాలిన వైపే తవ్వితే రాయి బల్లల్లా జారొచ్చు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటింది ఇక్కడే కదా, అలాంటి వాన పడ్డ రోజు గుణకం ఎంతుంటుందో లెక్కలో చూపించాలి. ఎండాకాలంలో తీసిన నాలుగు బోర్ శాంపిళ్లతో రిపోర్టు పెడితే ప్రజాభిప్రాయ సేకరణలో లేచి అడగండి: బోర్లలో నీటి మట్టం వానాకాలంలో కొలిచారా, పొరలు ఎటు వాలాయో మ్యాప్ వేశారా, తవ్విన వ్యర్థాలు పోసే డంప్ కింద వాగు ఉందా?