మీ అమ్మ సూది, మీ అమ్మ జెల్

హన్మకొండ

పిల్లలూ,

మీ అమ్మ మందుల చీటీలు రెండూ ఫోటో తీసి పంపి, "పెద్దమ్మా, ఇవి కలిపి వాడొచ్చా?" అని అడిగారు. వాడొచ్చు. లావు తగ్గే సూది మొదలుపెట్టినంత మాత్రాన ముట్లు ఆగాక వాడే హార్మోన్ మందు మానేయాల్సిన పని లేదు. అయితే హార్మోన్ ఏ దారిలో ఒంట్లోకి వెళ్తోందన్నది మాత్రం చూసుకోవాలి. ఫోన్లో రెండు ముక్కలు చెబితే మీకు ఇంకా టెన్షన్ పెరుగుతుందని ఉత్తరం రాస్తున్నాను. చాలా ఏళ్లు ఫార్మసీ కిటికీ వెనక కూర్చున్నదాన్ని, మందు సంగతి చెప్పగలను. మోతాదు మార్చడం మాత్రం డాక్టర్ల పని. బాబూ, ఇది ఆడవాళ్ల విషయమని నువ్వు పక్కన పెట్టకు. చౌరస్తా మెడికల్ షాపుకు వెళ్లి మందులు తెచ్చేది నువ్వే కదా.

మన దేశంలో చాలామంది ఆడవాళ్లకు నలభై ఆరు, నలభై ఏడేళ్లకు అటూ ఇటుగా ముట్లు ఆగిపోతాయి. అండాశయాలు ఈస్ట్రోజన్ తయారుచేయడం తగ్గించేస్తాయి. అప్పటినుంచి ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం, కీళ్ల నొప్పులు. ఎముకలు లోలోపల పలచబడతాయి. పొట్ట చుట్టూ కొవ్వు చేరేదీ ఆ వయసులోనే. అందుకే మీ అమ్మ ఒకే ఏడాదిలో ఇద్దరు డాక్టర్ల దగ్గరికి వెళ్లింది. షుగర్ డాక్టర్ సూది రాశారు, గైనకాలజిస్టు హార్మోన్ రాశారు. ఒకరి చీటీ ఇంకొకరికి చూపించలేదు. నాకు కోపం వచ్చింది అక్కడే.

హార్మోన్ అనగానే క్యాన్సర్ అని భయపడేవాళ్లు మన చుట్టాల్లో చాలామంది ఉన్నారు. 2002లో అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు, ఆ భయం అక్కడినుంచి పాకింది. ఆ పరిశోధనలో పాల్గొన్న ఆడవాళ్ల సగటు వయసు అరవై మూడు. వాళ్లు వాడింది మాత్రలు. అరవై దాటకుండా, ముట్లు ఆగి పదేళ్లు కాకుండా, వేరే పెద్ద జబ్బు లేకుండా ఉన్నవాళ్లకు నష్టం కంటే లాభమే ఎక్కువన్నది ఇప్పుడు డాక్టర్లు ఒప్పుకునే మాట. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌తో విడిగా మాట్లాడాలి.

ఇక సూది సంగతి. మౌంజారో మన దేశానికి 2025 మార్చిలో వచ్చింది, వెగోవీ అదే ఏడాది జూన్‌లో. మౌంజారోలో ఉండే మందు టిర్జెపటైడ్, వెగోవీలో ఉండేది సెమాగ్లుటైడ్. రెండూ వారానికొకసారి పొట్ట మీదో తొడ మీదో పొడుచుకునే పెన్నులు. మెదడుకు ఆకలి తగ్గిందని చెబుతాయి, అన్నం కడుపులోంచి పేగులోకి దిగడాన్ని ఆలస్యం చేస్తాయి. చెరువు తూము సగం దించినప్పుడు పొలానికి నీళ్లు మెల్లగా పారినట్టే, మింగిన మాత్ర కూడా ఆలస్యంగా దిగుతుంది. ఒక్కోసారి ఒంటికి పట్టేదీ తగ్గుతుంది. గర్భం రాకుండా వాడే మాత్రలతో టిర్జెపటైడ్‌ను పరీక్షించినప్పుడు, రక్తంలో ఆ హార్మోన్ల గరిష్ఠ స్థాయి సగానికి పైగా పడిపోయింది, మొత్తం చేరింది ఐదో వంతు దాకా తగ్గింది. మొదటి డోసు తర్వాత ఈ ప్రభావం ఎక్కువ, ఒళ్లు అలవాటు పడేకొద్దీ తగ్గుతుంది. సెమాగ్లుటైడ్‌తో అంత తేడా కనిపించలేదు. కానీ ఏ సూదైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మింగిన మాత్ర బయటికే పోతుంది, అప్పుడు పేరుతో పని లేదు.

మీ అమ్మకు ఈస్ట్రోజన్ జెల్ రాశారు. అది మంచి ఎంపిక. చర్మం నుంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది, కడుపుతో సంబంధమే లేదు. సూది లేకపోయినా నేను దాన్నే మెచ్చుకునేదాన్ని. ఎందుకంటే ఈస్ట్రోజన్‌ను మాత్రగా మింగితే అది ముందు లివర్‌కు వెళ్లి, రక్తం గడ్డకట్టే గుణాన్ని కొంత పెంచుతుంది. లావుగా ఉన్నవాళ్లకు ఆ ప్రమాదం ముందే ఎక్కువ. మామూలు మోతాదులో వాడే జెల్‌తో, చర్మానికి అతికించే ప్యాచ్‌తో ఆ బెడద కనిపించలేదు. ప్యాచ్ మన దగ్గర అన్ని షాపుల్లో దొరకదు, ఎండాకాలం చెమటకు ఊడి వస్తుంది కూడా, నాకు దాని మీద అంత ఇష్టం లేదు. జెల్ రాసుకున్నాక బాగా ఆరనివ్వమనండి. ఆరకముందే చంటిపిల్లల్ని ఎత్తుకోవద్దు, ఆ మందు వాళ్ల ఒంటికి అంటకూడదు.

ఇబ్బందంతా రెండో మందుతోనే, రాత్రి పడుకునే ముందు మింగే ప్రొజెస్టెరాన్ క్యాప్సూల్‌తో. గర్భసంచి ఉన్న మనిషికి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇస్తే గర్భసంచి లోపలి పొర మందంగా పెరుగుతూ పోతుంది, అలా వదిలేస్తే క్యాన్సర్ దాకా వెళ్లొచ్చు. ఆ పొరను అదుపులో పెట్టడానికే ప్రొజెస్టెరాన్. ఇప్పుడు చూడండి: ఈస్ట్రోజన్ చర్మం దారిలో ఎప్పటిలాగే చేరుతోంది, కాపలా కాయాల్సిన ప్రొజెస్టెరాన్ మాత్రం కడుపు దారిలో వెళ్తోంది. అది సరిగ్గా చేరకపోతే మీ అమ్మకు తెలియదు. నొప్పి ఉండదు. ఆవిర్లు తగ్గి, హాయిగా నిద్ర పట్టి, అంతా బాగుందనే అనుకుంటుంది. నేను ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నది దీని కోసమే.

దీనికి దారులున్నాయి. గర్భసంచిలో పెట్టే హార్మోన్ పరికరం ఒకటి. మిరెనా లాంటివి లోపలి పొర దగ్గరే మందు వదులుతాయి, ఈ పనికి ఐదేళ్ల దాకా చాలు. వాంతైనా, సూది మోతాదు పెరిగినా దానికి తేడా రాదు. నన్నడిగితే మీ అమ్మకు ఇదే సరిపోతుంది, కానీ "లోపల ఏదో పెడతారట" అని భయపడుతుంది, కాబట్టి మెల్లగా చెప్పండి. ప్రొజెస్టెరాన్ క్యాప్సూల్‌నే యోనిలో పెట్టుకోమని రాసే డాక్టర్లు ఉన్నారు. సూది మొదలుపెట్టినప్పుడు, డోసు పెంచినప్పుడల్లా ఒక నాలుగు వారాలు ప్రొజెస్టెరాన్ మోతాదు పెంచడం ఇంకో పద్ధతి. ముట్లు ఆగే దశ మీద పనిచేసే బ్రిటిష్ మెనోపాజ్ సొసైటీ 2025లో ఇచ్చిన సలహా కూడా ఈ తీరులోనే ఉంది. వీటిలో ఏదీ ఇంట్లో మనంతట మనం చేసేది కాదు.

మీ చిన్నమ్మ లెక్క వేరు. ఆమెకు గర్భసంచి ఎప్పుడో తీసేశారు. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగేది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే, చిన్న వయసులోనే చేయించుకున్నవాళ్లు ప్రతి వీధిలో కనిపిస్తారు. గర్భసంచి లేనివాళ్లకు మామూలుగా ఈస్ట్రోజన్ ఒక్కటే చాలు, ఈ ప్రొజెస్టెరాన్ గొడవ ఉండదు. "అక్కకు రాసిందే నాకూ తెచ్చిపెట్టు" అని ఆమె అడిగితే తేవద్దు. అండాశయాలు కూడా తీశారా, గర్భసంచి ఒక్కటే తీశారా అన్నది ఆమెకే గుర్తు లేదు. ఆ డిశ్చార్జి కాగితం బీరువాలో వెతికించండి, ఏ డాక్టరైనా ముందు అదే అడుగుతారు.

అమ్మాయీ, నీ హాస్టల్లో పీసీఓఎస్‌కు, అంటే హార్మోన్ల తేడాతో ముట్లు తప్పే సమస్యకు, హార్మోన్ మాత్రలు వాడుతూ సూది తీసుకునేవాళ్లు ఉంటే వాళ్లకూ ఈ మాట చెప్పు. గర్భం రాకుండా ఆ మాత్రల మీదే ఆధారపడేవాళ్లు టిర్జెపటైడ్ మొదలుపెట్టాక నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ ఇంకో నాలుగు వారాలు వేరే జాగ్రత్త కూడా తీసుకోవాలి. లావు తగ్గేకొద్దీ ఆగిన ముట్లు మళ్లీ మొదలై, అనుకోకుండా గర్భం నిలిచినవాళ్లు ఉన్నారు.

తిండి గురించి ఒక్క మాట. సూదితో తగ్గే బరువులో కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, ఈ వయసులో ఎముక ముందే బలహీనం. రెండు ముద్దలకే చాలంటుంది కాబట్టి ఆ రెండు ముద్దల్లోనే గుడ్డో, పప్పో, పెరుగో ఉండేలా చూడండి. భద్రకాళి చెరువు కట్ట మీద నడక మంచిదే, దాంతో పాటు కాస్త బరువులెత్తే వ్యాయామం కూడా చేయించండి.

ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా చూపించుకోవాలి. హార్మోన్ మొదలుపెట్టిన తొలి నెలల్లో కొంచెం కనిపించడం మామూలే, అయినా చెప్పాలి. స్కానింగ్‌లో లోపలి పొర ఎంత మందం ఉందో చూస్తారు. మీ అమ్మ సిగ్గుపడి దాచే రకం, మీరే అడగండి.

ఈసారి గైనిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు పెన్ను డబ్బా, క్యాప్సూళ్ల అట్ట, జెల్ ట్యూబ్ మూడూ సంచిలో వేసుకెళ్లండి. సూది ఏ తేదీన మొదలైంది, డోసు ఎప్పుడెప్పుడు పెంచారు, ఏ రాత్రుల్లో వాంతులయ్యాయి, ఇవన్నీ ఒక కాగితం మీద రాయండి. డాక్టరమ్మ "ఎట్లున్నవమ్మా?" అనగానే మీ అమ్మ "మంచిగున్న మేడం" అనేస్తుంది. అప్పుడు మీలో ఒకరు ఆ కాగితం తీసి ఇవ్వండి.

మీ పెద్దమ్మ