చంకలో గ్రంథులు తీసేసిన చేతికి తెడ్డు ఇవ్వొచ్చా?

రాగి సంగటి కెలికే మనిషిని పక్క నుంచి చూడండి. చట్టిని కాళ్ళ మధ్య బిగించి, ఒక చేత్తో తెడ్డు పైకొన, ఇంకో చేత్తో దాని నడుమ పట్టుకుని, ఒళ్ళంతా ముందుకు వంచి తిప్పుతుంది. పిండి గట్టిపడేకొద్దీ భారం మోచేతుల నుంచి వీపుకూ నడుముకూ పోతుంది. ఉత్త చేతుల బలంతో తిప్పేవాళ్ళు రెండు నిమిషాలకే అలిసిపోతారు, సంగటి ఉండలు కడుతుంది. ఇరవై మంది జంటలుగా కూర్చుని తెడ్లు వేసే పొడవాటి పడవ డ్రాగన్ బోట్. దాంట్లో తెడ్డు వెయ్యడమూ దాదాపు ఇదే పని. గట్టి పిండికి బదులు నీళ్ళుంటాయి, అంతే.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషనై కర్నూలులోనో కడపలోనో ఇంటికొచ్చిన మనిషికి చుట్టుపక్కల నుంచి మొదట వినపడే మాట, "ఆ చేత్తో ఏమీ ఎత్తొద్దు". తెడ్డు కూతురి చేతికో కోడలి చేతికో పోతుంది. ఆరు నెలల్లో కండ సన్నబడుతుంది, భుజం బిగుసుకుంటుంది. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు కొళాయి వస్తుంది. 15 లీటర్ల బిందె అంటే నీళ్ళే 15 కిలోలు. అప్పటిదాకా గ్లాసు కూడా ఎత్తని చెయ్యి ఒక్కసారిగా దాన్ని ఎత్తుతుంది. ప్రమాదమంతా ఇక్కడే ఉంది. ఆ చేతికి పని చెడ్డది కాదు, అలవాటు లేని పని చెడ్డది.

ఎందుకో తెలియాలంటే చంక దగ్గరికి వెళ్ళాలి. రక్తనాళాల నుంచి కండల్లోకి ఊరిన ద్రవంలో కొంత నేరుగా రక్తంలోకి తిరిగిపోదు. దాన్ని ఏరి తెచ్చేవి లింఫ్ నాళాలు. ఒళ్ళంతా కలిపి రోజుకు 2 నుంచి 4 లీటర్లు వీటిగుండా పోతుంది. ఈ వ్యవస్థకు గుండెలాంటి పంపు లేదు. నాళాల గోడలు తమంతట తాము కొంచెం ముడుచుకుంటాయి, చుట్టూ ఉన్న కండ బిగిసినప్పుడల్లా ద్రవం ముందుకు జరుగుతుంది, లోపలి కవాటాలు దాన్ని వెనక్కి రానివ్వవు. గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గి, అదీ పైకి లాగుతుంది. చేతి నుంచి వచ్చే ద్రవంలో చాలా భాగం చంకలోని లింఫ్ గ్రంథులను దాటుకునే పోవాలి. క్యాన్సర్ పాకిందని ఆ గ్రంథులు తీసేసినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా దారి ఇరుకవుతుంది. మడిలోకి నీళ్ళొచ్చే కాలువ అలాగే ఉండి, బయటికి పోయే తూములు సగం మూసినట్టు. చంక గ్రంథులన్నీ తీసినవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరికి చేతివాపు వస్తుంది. ఒకటి రెండు గ్రంథులే తీసి పరీక్షించినవాళ్ళలో ఇది 20 మందిలో ఒకరికి దగ్గరగా ఉంటుంది. దీన్నే లింఫెడీమా అంటారు.

పాత తర్కం ఇలా సాగేది: పని చేస్తే చేతికి రక్తం ఎక్కువ వస్తుంది, రక్తం ఎక్కువైతే ద్రవం ఎక్కువ ఊరుతుంది, కాబట్టి పని వద్దు. ఇది సగం నిజం. అదే కండ బిగిసి వదిలినప్పుడు ద్రవాన్ని తోస్తుందన్నది మిగతా సగం. అలవాటైన కండకు అదే బరువు తేలిక కాబట్టి దానికి అంత రక్తమూ అక్కర్లేదు.

1996లో కెనడాలోని వాంకూవర్‌లో, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన క్రీడా వైద్యుడు డాన్ మెకంజీ ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. రొమ్ము క్యాన్సర్ చికిత్స అయిన 24 మంది స్త్రీలకు ముందు నేలమీద వ్యాయామం చేయించి, తర్వాత డ్రాగన్ బోట్ ఎక్కించారు. పైచేతులతో పదేపదే చేసే బరువైన పని కాబట్టే ఆయన దీన్ని ఎంచుకున్నారు. వాళ్ళలో ఎవరికీ కొత్తగా చేతివాపు రాలేదు. 24 మంది చిన్న సంఖ్య, పోల్చి చూడడానికి వేరే గుంపూ లేదు, కాబట్టి దాన్నొక్కదాన్నే రుజువనుకోకూడదు. గట్టి ఆధారం తర్వాత వచ్చింది. 2009లో వెలువడిన పరీక్షలో అమెరికా పరిశోధకురాలు కాత్రిన్ ష్మిట్జ్ బృందం అప్పటికే చేతివాపు ఉన్న 141 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపు చేత వారానికి రెండుసార్లు చొప్పున ఏడాదిపాటు బరువులు ఎత్తించింది. చాలా తక్కువ బరువుతో మొదలుపెట్టి, మెల్లగా పెంచారు. బరువులెత్తడం వల్ల వాపు ఎక్కువ కాలేదు సరికదా, ఉన్నట్టుండి ముదరడం బరువులెత్తినవాళ్ళలో 14 శాతానికి, ఎత్తనివాళ్ళలో 29 శాతానికి కనిపించింది. మరుసటి ఏడాది వెలువడిన, ఇంకా వాపు రానివాళ్ళ మీద జరిపిన పరీక్షలో, ఐదూ అంతకు మించి గ్రంథులు తీసినవాళ్ళను చూస్తే, బరువులెత్తిన వాళ్ళలో 7 శాతానికి, మిగతావాళ్ళలో 22 శాతానికి వాపు వచ్చింది.

ఇక పడవ సంగతి. మామూలు డ్రాగన్ బోట్ పన్నెండు మీటర్లకు పైగా పొడవుంటుంది, వెడల్పు మీటరు కంటే కొంచెమే ఎక్కువ. 20 మంది జంటలుగా కూర్చుంటారు. ముందు డోలు కొట్టే మనిషి, వెనక నిలబడి చుక్కాని పట్టే మనిషి. డోలు మోతను బట్టి తెడ్లు పడతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి లయ పెట్టేది మొదటి జంట, డోలు వాళ్ళను అనుసరిస్తుంది. వెనకవాళ్ళు తమ తెడ్డు చూసుకోకుండా ముందున్నవాళ్ళ భుజాలూ తెడ్లూ చూడాలి. ఒక్కొక్కరు రెప్పపాటు ఆలస్యమైతే ఆ తేడా వెనక్కి పోయేకొద్దీ పేరుకుంటుంది. ఇరవై తెడ్లు ఒకదాని తర్వాత ఒకటి జెర్రి కాళ్ళలా పడతాయి, పడవ కదలదు, భారమంతా భుజాల మీద పడుతుంది.

తెడ్డు వెయ్యడంలో ముఖ్యమైనది చెయ్యి చాచడం కాదు, నడుము తిప్పడం. నీటివైపు తుంటి, భుజం ముందుకు తిప్పి, కింది మోచెయ్యి దాదాపు మడవకుండా ఉంచి, తెడ్డు రెక్క పూర్తిగా మునిగేదాకా గుచ్చాలి. మునగకముందే లాగితే నీళ్ళు చిమ్ముతాయే గానీ బలం అందదు. గుచ్చాక పాదాలు పడవ అడుగుకు తన్ని, తిప్పిన నడుమును వెనక్కి విప్పాలి. తెడ్డు తుంటి దగ్గరికి రాగానే తీసెయ్యాలి. అది దాటి లాగితే పడవను కిందికి నొక్కడమే అవుతుంది, భుజం ముందుభాగం నొప్పెడుతుంది. కొత్తవాళ్ళు చేసే తప్పు ఎక్కువగా ఒకటే, మోచెయ్యి మడిచి లాగడం. రెండోది తెడ్డును పిడికిలి బిగించి పట్టుకోవడం. గంటసేపు బిగిసిన పిడికిలి పంపులా పనిచెయ్యదు. కండ బిగియాలి, వదలాలి. తెడ్డు గాల్లో ముందుకు పోయేటప్పుడు వేళ్ళు సడలించమని చెప్పేది అందుకే.

ఏ పక్క కూర్చోవాలన్న ప్రశ్న ఈ స్త్రీలకు ప్రత్యేకం. ఎడమ పక్క కూర్చుంటే ఎడమ చెయ్యి కింద, కుడి చెయ్యి పైన ఉంటుంది. పై చెయ్యి నుదుటి ఎత్తుకు లేవాలి. ఆపరేషనైన భుజం ఇంకా అంత ఎత్తు లేవకపోతే ముందు అదే పక్క కూర్చోవాలి, అప్పుడా చెయ్యి కింద ఉంటుంది. కదలిక తిరిగొచ్చాక పక్కలు మార్చాలి, ఎప్పుడూ ఒకే పక్క వేస్తే నడుము వంకరగా బలపడుతుంది. వీపు కండ తీసి రొమ్ము కట్టినవాళ్ళకు ఇంకో జాగ్రత్త ఉంది. తెడ్డు లాగే ముఖ్యమైన కండ అదే కాబట్టి వాళ్ళు ఫిజియోథెరపిస్టును అడిగే మొదలుపెట్టాలి. ఎముకలకు క్యాన్సర్ పాకినవాళ్ళు, గుండె మీద ప్రభావం చూపే మందులు వాడినవాళ్ళు ముందుగా క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడాలి. చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద తీగలా బిగుసుకుని లాగుతుంటే ముందు దాన్ని సాగదీసే వ్యాయామం చెయ్యాలి, తెడ్డు ఆ తర్వాతే.

డ్రాగన్ బోట్ దొరకకపోయినా సగం పని ఇంటి అరుగు మీద అవుతుంది. మందుల షాపులో, ఆటసామాన్ల షాపులో సాగే రబ్బరు బ్యాండ్లు దొరుకుతాయి. అన్నిటికన్నా తేలికది తీసుకుని, కూర్చున్నప్పుడు భుజం ఎత్తుకు వచ్చేలా కిటికీ కమ్మీకి కట్టండి. కమ్మీకి ఎదురుగా అరుగు అంచున కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, నడుము తిప్పి ముందుకు చాచి, విప్పుతూ తుంటి దాకా లాగండి. మొదటి వారం రోజు విడిచి రోజు, పక్కకు 10 చొప్పున రెండు విడతలు చాలు. మరుసటి ఉదయం చెయ్యి బరువుగా లేకపోతే వారానికి 5 పెంచుకోవచ్చు. బరువుగా అనిపిస్తే కిందటి వారం లెక్కకు దిగండి. మధ్యలో రెండు వారాలు మానేస్తే ఆపిన చోట కాక, ఇంకా తక్కువ నుంచి మొదలుపెట్టాలి. తెడ్డు వెయ్యడం కూర్చుని చేసే పని కాబట్టి దానివల్ల కాళ్ళ ఎముకలకు పెద్దగా లాభం లేదు. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే లెట్రొజోల్, అనస్ట్రొజోల్ లాంటి మాత్రలు ఎముకల్ని పలచబరుస్తాయి కాబట్టి నడక మానకూడదు.

నీళ్ళ విషయంలో మన సీమది వేరే లెక్క. కర్నూలు దగ్గర తుంగభద్ర వానకాలంలో ఉరకలేస్తుంది, ఎండాకాలంలో రాళ్ళు తేలుతుంది. రెండూ పనికిరావు. కేసీ (కర్నూలు-కడప) కాలువలో వేగం ఎక్కువ, గట్లు నిట్రంగా ఉంటాయి, అక్కడ దిగకూడదు. కడప వైపు బ్రహ్మంసాగర్, మైలవరం, గండికోట లాంటి నిలకడ నీళ్ళే నయం, అదీ జలవనరుల శాఖ అనుమతితో, గేట్లు ఎత్తే రోజులు కనుక్కుని. ఈతొచ్చినా లైఫ్ జాకెట్ తప్పదు. గట్టు వదిలే ముందు మనుషుల బరువును రెండు పక్కలా సరితూచి, అందరూ వరసగా నంబర్లు చెప్పుకోవాలి. పడవ తిరగబడితే మళ్ళీ అదే లెక్క చెప్పి, ఒడ్డుకు ఈదకుండా పడవనే పట్టుకుని ఉండాలి. వేడికి వాపు పెరుగుతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో తెల్లారి ఏడులోపే ముగించాలి.

పడవ ఇచ్చేదాంట్లో కొలవలేనిది ఇంకొకటి ఉంది. మన ఊళ్ళలో ఆ జబ్బు పేరు కూడా పలకరు, కూతురి పెళ్ళికి అడ్డొస్తుందని దాస్తారు. చికిత్స జరిగినన్నాళ్ళు ఆస్పత్రిలో పలకరించేవాళ్ళుంటారు, అది అయిపోయాకే అసలు ఒంటరితనం. పడవలో తెడ్డు వేసేవాళ్ళందరి మొహాలూ ముందుకే ఉంటాయి. ఎదురుగా కూర్చుని "ఎట్లుంది?" అని అడిగేవాళ్ళుండరు. మాట్లాడాలనిపించినవాళ్ళు ముందున్న వీపుతో మాట్లాడతారు, లేకపోతే ఊరికే తెడ్డు వేస్తారు. అందుకే ఇది దేశదేశాలకు పాకింది. 2005లో వాంకూవర్‌లో, 2018లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో, 2023లో న్యూజిలాండ్‌లో ఇలాంటి జట్లన్నీ కలిశాయి. ఆ కూడికల్లో పడవలన్నీ దగ్గరికి చేర్చి, చనిపోయిన తోటివాళ్ళ కోసం గులాబీరంగు పూలు నీళ్ళలో వదులుతారు. కార్తీకంలో ఏట్లో దీపాలు వదిలే మనకు దాన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంట్లో ఉంచుకోవలసిన పరికరం దర్జీ టేపు. మణికట్టు, మోచెయ్యి, మోచేతికి పది సెంటీమీటర్ల కింద, పది సెంటీమీటర్ల పైన, ఇలా నాలుగుచోట్ల రెండు చేతులనూ నెలకోసారి కొలిచి రాసుకోండి. ఎక్కడైనా రెండు చేతుల మధ్య తేడా కొత్తగా 2 సెంటీమీటర్లకు చేరితే డాక్టరుకు చూపించాలి. టేపు కంటే ముందు గాజులు చెబుతాయి: నిన్న జారిన గాజు ఇవాళ పట్టేస్తే, రవిక చెయ్యి ఒకవైపే బిగిస్తే తెడ్డు ఆపండి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అది ఇన్‌ఫెక్షన్, రేపటిదాకా ఆగకుండా అదేరోజు ఆస్పత్రికి వెళ్ళాలి. మిరపకాయలు కోసేటప్పుడు, కంపచెట్లు కొట్టేటప్పుడు ఆ చేతికి తొడుగు వేసుకోండి. చిన్న గీత పడినా సబ్బుతో కడిగి మందు రాయండి.