ల్యాబ్‌లో పెరిగే ముక్కు మృదులాస్థి: అపోహలు - వాస్తవాలు

దెబ్బ తగిలి ముక్కు కుంగిపోయినవాళ్లు, చర్మ క్యాన్సర్ ఆపరేషన్‌లో ముక్కుపుట పోగొట్టుకున్నవాళ్లు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు: "ల్యాబ్‌లో కొత్త ముక్కు పెంచుతున్నారట కదా డాక్టరు గారూ, మాకూ పెట్టండి." ఆ ఆశ ఉత్తిది కాదు. దాని చుట్టూ అల్లుకున్న మాటల్లో మాత్రం నిజం తక్కువ.

అపోహ: ల్యాబ్‌లో ముక్కు మొత్తం తయారుచేసి అతికిస్తారు.

1997లో వీపు మీద చెవి ఆకారంతో ఉన్న ఎలుక ఫొటో ప్రపంచమంతా తిరిగింది. అందులో ఉన్నవి మనిషి కణాలు కావు, ఆవుజాతి మృదులాస్థి (ముక్కుకు, చెవికి ఆకారాన్నిచ్చే, ఎముక కన్నా మెత్తగా వంగే కణజాలం) కణాలు. శరీరంలో కరిగిపోయే పాలిమర్ అచ్చు మీద వాటిని పెంచారు. ఇక ముక్కు అంటే లోపల తేమగా ఉండే పొర, మధ్యలో మృదులాస్థి, పైన చర్మం. ల్యాబ్‌లో పెంచి రోగులకు పెట్టినది ఆ మధ్య పొరను మాత్రమే, అదీ పలుచని రేకులా. పై చర్మాన్ని నేటికీ నుదుటి నుంచో చెంప నుంచో తిప్పి తెస్తాం. చెంప చర్మంతో ముక్కును సరిచేసే పద్ధతి సుశ్రుత సంహితలోనే ఉంది.

అపోహ: స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్ ఇస్తే మృదులాస్థి దానంతట అదే పెరుగుతుంది.

ఈ మాట నమ్మి డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. అసలు పని ఎలా జరుగుతుందో చూడండి. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఇవాన్ మార్టిన్ బృందం చర్మ క్యాన్సర్ వల్ల ముక్కుపుట కోల్పోయిన 5 మందికి చేసిన చికిత్సను 2014లో ప్రచురించింది. రోగి ముక్కు దూలం (రెండు ముక్కు రంధ్రాల మధ్య ఉండే గోడ) నుంచే చిన్న మృదులాస్థి ముక్క తీసి, ఎంజైములతో కణాలను విడదీసి, రెండు వారాలు వృద్ధి చేశారు. చిక్కంతా ఇక్కడే. చదునైన పాత్రలో విభజన చెందేకొద్దీ ఈ కణాలు తమ స్వభావం కోల్పోతాయి. గుండ్రటివి కాస్తా సాగిపోతాయి. మృదులాస్థికి పట్టునిచ్చే రెండో రకం కొలాజెన్ అనే ప్రోటీన్‌ను మానేసి, మచ్చల్లో కనిపించే ఒకటో రకాన్ని తయారుచేయడం మొదలుపెడతాయి. వాటిని దారిలో పెట్టడానికి కొలాజెన్ పొరలో నాటి, తగిన పోషకాలతో మరో రెండు వారాలు పెంచాలి. అప్పుడు మొదట తీసిన ముక్కకు సుమారు 40 రెట్ల పరిమాణంలో మృదులాస్థి రేకు చేతికొస్తుంది. ఇంత పని ఒక్క సూదిమందుతో అవుతుందని ఎలా నమ్మడం?

ఆ అధ్యయనంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న విషయం వేరే ఉంది. ఆరు నెలల తర్వాత అక్కడి నుంచి చిన్న ముక్క తీసి చూస్తే, పెట్టిన మృదులాస్థి స్థానంలో ముక్కుపుటకు సహజమైన పీచు, కండరం, కొవ్వు కలిసిన కణజాలం ఉంది. ఏడాది తర్వాత కూడా రోగులు శ్వాస విషయంలోనూ రూపం విషయంలోనూ తృప్తిగా ఉన్నారు.

అపోహ: ముక్కు కణాలు ముక్కుకే పనికొస్తాయి.

అదే బాసెల్ బృందం 2016లో 10 మంది మోకాళ్లలో దెబ్బతిన్న మృదులాస్థికి ముక్కు కణాలతో చేసిన చికిత్స ఫలితాలను వెల్లడించింది. పిండంలో ముక్కు మృదులాస్థి, మోకాలి మృదులాస్థి వేర్వేరు మూలాల నుంచి పుడతాయి. అయినా ముక్కు కణాలు అక్కడ ఇమిడిపోయాయి.

అపోహ: ఇక చెవి, పక్కటెముక ముక్కలతో పనిలేదు.

ఉంది. నేటికీ మా మొదటి ఆధారం అవే. చెవి మృదులాస్థి కొంచెమే దొరుకుతుంది, పక్కటెముకది తీసిన చోట నొప్పి ఉంటుంది, పెట్టాక వంగే ప్రమాదమూ ఉంది. అయినా వాటి ఫలితాలు దశాబ్దాలుగా తెలిసినవి.

అపోహ: డబ్బు కడితే ఇక్కడా చేస్తారు.

ముక్కుకు సంబంధించి ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. ఎవరైనా క్లినికల్ ట్రయల్ (రోగులపై చేసే పరిశోధన) అంటే సీటీఆర్‌ఐ (మన దేశంలో అలాంటి పరిశోధనలను నమోదు చేసే పట్టిక) నమోదు సంఖ్య అడగండి. ఆ వెబ్‌సైటులో వివరాలు ఎవరైనా చూడవచ్చు. సంఖ్య చెప్పకుండా ఫీజు మాట్లాడితే లేచి వచ్చేయండి.

అపోహ: ముక్కుకు దెబ్బ తగిలితే ఐస్ పెడితే చాలు, మృదులాస్థి ఎముకలాగే అతుక్కుంటుంది.

మృదులాస్థిలో రక్తనాళాలు లేవు. పైనున్న పొర నుంచే దానికి పోషణ అందుతుంది. దెబ్బకు ఆ రెండింటి మధ్య రక్తం చేరితే పోషణ ఆగిపోతుంది. కొద్ది రోజుల్లోనే మృదులాస్థి చచ్చిపోయి, చీము పట్టి, ముక్కు మధ్యలో కుంగిపోవచ్చు. పిల్లలు ఆటల్లో పడ్డాక ముక్కు రెండు వైపులా బిగుసుకుపోయినా, లోపల దూలం మీద మెత్తటి ఉబ్బు కనిపించినా, నొప్పి పెరుగుతున్నా అదే రోజు ఈఎన్‌టీ వైద్యునికి చూపించండి. చిన్న కోత పెట్టి ఆ రక్తం తీసేసి, మళ్లీ చేరకుండా లోపల ప్యాక్ పెడతాం. రెండు మూడు రోజులు ఆగి వస్తే అప్పటికే నష్టం జరిగిపోయి ఉండవచ్చు.