తెర ముందు నలుగురు: ప్యానెల్ చర్చల నిర్వహణలో అపోహలు – వాస్తవాలు

ఫోనులోని యాప్, ఏటీఎం, రైల్వే స్టేషన్‌లో టికెట్ ఇచ్చే యంత్రం వంటివన్నీ మనం ఒకటి నొక్కితే తామొకటి బదులు చెప్పే వ్యవస్థలు. వీటి రూపకల్పన కంప్యూటర్ ఇంజినీరు ఒక్కరి పని కాదు. భాష, మనస్తత్వశాస్త్రం, చిత్రకళ, ఆ పనిని రోజూ చేసేవారి అనుభవం కలిస్తేనే అవి అక్కరకు వస్తాయి. మనిషిని కేంద్రంగా పెట్టుకొని చేసే రూపకల్పనకు ఉద్దేశించిన, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) వారి 9241-210 ప్రమాణం కూడా బృందంలో వేర్వేరు విద్యలవారు ఉండాలని ఒక సూత్రంగానే చెప్పింది. అయితే ఆ వేర్వేరు విద్యలవారిని ఒక్కచోట కూర్చోబెట్టి మాట్లాడించడం మరొక విద్య. అనంతపురంలో కొన్నేళ్లుగా ఇటువంటి చర్చలు నిర్వహిస్తున్న నాకు, కొత్తగా పూనుకొనేవారి నోట తరచుగా వినిపించే కొన్ని అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నాలుగు శాఖల నుంచి నలుగురిని పిలిస్తే చాలు, శాస్త్రాలు కలిసినట్టే.

వాస్తవం: ఎవరి ప్రసంగం వారు చదివి కూర్చుంటే అవి నాలుగు ప్రసంగాలే అవుతాయి. ఒకరి మాట మరొకరికి తగలాలంటే అందరి కళ్ల ముందూ ఒకే వస్తువు ఉండాలి. ఒకసారి పంట వివరాలు నమోదు చేసే యాప్ నమూనాను పెద్ద తెర మీద కనిపించేలా పెట్టి, వేరుశనగ పండించే ఒక రైతు చేతికి ఫోను ఇచ్చాము. ఆయన పాసు పుస్తకం తెరిచి, సర్వే నంబరును అందులో ఉన్నట్టే అంకె, అడ్డగీత, అక్షరంతో వేయబోతే ఆ గడి అంకెలను తప్ప దేనినీ తీసుకోలేదు. తప్పులు దొర్లకూడదనే అలా కట్టడి చేశామని ప్రోగ్రామర్ చెప్పారు. తర్వాత రైతు ‘సమర్పించు’ అన్న మీట దగ్గర ఆగి, "సమర్పించేది దేవునికి గదా సార్, ఇది నొక్కితే ఏమైతాది?" అని అడిగారు. ‘పంపు’ అంటే సరిపోదా అని తెలుగు అధ్యాపకురాలు అనగానే, ఊళ్లో పంపు అంటే బోరు మోటారే గుర్తొస్తుందని వెనుక వరుసలోని విద్యార్థిని అందుకుంది. చివరికి మీట నొక్కినా రెండుసార్లు తెర పలకలేదు. వేలు తగిలినప్పుడు కలిగే విద్యుత్ మార్పును బట్టి పనిచేసే ఇటువంటి తెర, మట్టిపనితో కాయకాచి పొడిబారిన వేలిని ఒక్కోసారి గుర్తించదని ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు వివరించారు. పది నిమిషాలలో నాలుగు శాఖలు ఒకే మీట చుట్టూ చేరాయి.

అపోహ: చివరి పది నిమిషాలు ప్రశ్నలకు వదిలితే సభికులు పాల్గొన్నట్టే.

వాస్తవం: అప్పటికి సగం మంది మనసు బస్సు మీద ఉంటుంది. తొంభై నిమిషాల చర్చలో వక్తలకు తొలి మాటగా తలా మూడు నిమిషాలు ఇచ్చి, పదిహేనో నిమిషం నుంచే సభికులను లోపలికి తీసుకురావాలి. నేను ఎక్కువగా వాడేది ఖాళీ కుర్చీ పద్ధతి. వక్తలు వలయంగా కూర్చుంటారు, వారి మధ్య ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది, మాట్లాడదలచినవారు వచ్చి అందులో కూర్చొని చెప్పి తిరిగి వెళతారు. మైకు పట్టుకోవడానికి సంకోచించేవారు, ముఖ్యంగా వెనుక కూర్చొనే మహిళలు, తాము అడగదలచినది చీటీ మీద రాసి ఇస్తారు. చీటీలను చదివే పని ఒక్కరికే అప్పగించాలి. ఫోన్లతో ఓట్లు వేయించడం వల్ల లెక్క తెలుస్తుంది కానీ కారణం తెలియదు.

అపోహ: చర్చను నడిపే సంధానకర్తకు అన్ని శాస్త్రాలూ తెలిసి ఉండాలి.

వాస్తవం: అర్థం కాని చోట ఆపి అడిగే ధైర్యం ఉండాలి. ‘నమూనా’ అన్న మాటనే చూడండి. గణాంకశాస్త్రం వారికి అది సర్వేకు ఎంచుకొన్న కొద్దిమంది, డిజైనర్‌కు పరీక్షకు తయారుచేసిన తొలి రూపు, కార్యాలయంలో పనిచేసేవారికి నింపవలసిన ఫారం. ఈ తేడా బయటపడకపోతే గంటసేపు మూడు వేర్వేరు విషయాలు మాట్లాడుకొంటారు.

అపోహ: వాడుకరులు సభలో ఉంటే చాలు, వేదిక నిపుణులది.

వాస్తవం: ఇటువంటి వ్యవస్థల రూపకల్పన చరిత్రే దీనికి విరుద్ధంగా నడిచింది. 1970లలో నార్వేలో కంప్యూటర్ శాస్త్రవేత్త క్రిస్టెన్ నిగార్డ్ లోహ కార్మికుల సంఘంతో కలిసి పనిచేశారు. 1981లో స్కాండినేవియాలో మొదలైన యుటోపియా ప్రాజెక్టులో వార్తాపత్రికల ముద్రణ కార్మికులు అట్టపెట్టెలతో చేసిన నమూనాలను వాడి చూస్తూ, తమకు ఎటువంటి కంప్యూటర్ పరికరాలు కావాలో తేల్చారు. ఆ అట్టముక్కల పద్ధతి ఇక్కడా పనికొచ్చింది. ధర్మవరం నుంచి వచ్చిన నేతకారుడు అట్ట మీద గీసిన తెరను అటూ ఇటూ జరిపి, చేతులు మగ్గం మీద ఉండగా అది ఎక్కడుంటే కంటికి ఆనుతుందో చూపించారు. అటువంటివారికి ఒక రోజు మగ్గం ఆగితే ఆ రోజు కూలి పోతుంది. కాబట్టి ఆచార్యులకు ఇచ్చే పారితోషికమే వారికీ ఇవ్వాలని నేను పట్టుబడతాను.

అపోహ: చర్చ ఏకాభిప్రాయంతో ముగియాలి.

వాస్తవం: తేలని విషయాలను తేలనట్టుగానే రాసి ఉంచాలి. ఆ రోజు మీట పేరు మీద ఒప్పందం కుదరలేదు. ‘సమర్పించు’, ‘పంపించు’, ‘నమోదు చేయి’ అన్న మూడు మాటలనూ మూడు అట్టల మీద పెద్ద అక్షరాలతో రాసి, మరుసటి వారం రచ్చబండ దగ్గర కూర్చొనేవారికి చూపించే పనిని ఇద్దరు విద్యార్థులు ఒప్పుకొన్నారు.