సైక్స్‌లందరికీ మూలపురుషుడు ఒక్కడేనా?

ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లంతా ఒకే మూలపురుషుడి సంతతేనా అని ఒక పాఠకురాలు అడిగారు. ఈ ప్రశ్నను ప్రయోగశాలలో పరీక్షించిన కథల్లో నాకు బాగా నచ్చినది ఇంగ్లండ్‌ది, సైక్స్ అనే ఇంటిపేరుది. జవాబు అక్కడి నుంచే చెప్తాను.

ఆక్స్‌ఫర్డ్ జన్యుశాస్త్రవేత్త బ్రయాన్ సైక్స్‌కు, గ్లాక్సో వెల్కమ్ మందుల కంపెనీ అప్పటి ఛైర్మన్ సర్ రిచర్డ్ సైక్స్‌కు ఇంటిపేరు ఒకటే. చుట్టరికం ఉన్నట్టు మాత్రం ఇద్దరికీ తెలియదు. తండ్రి నుంచి కొడుక్కే వెళ్లే వై క్రోమోజోమ్‌ను పోల్చి చూస్తే ఇద్దరి గుర్తులూ సరిపోయాయి! ఆ ఉత్సాహంతో బ్రయాన్ ముక్కూమొహం తెలియని సైక్స్ మగవాళ్లకు ఉత్తరాలు రాసి, వాళ్ల డీఎన్‌ఏ తెప్పించుకుని, ఆ క్రోమోజోమ్ మీద నాలుగు చోట్ల చూశాడు. దాదాపు సగం మందిలో ఒకే నమూనా ఉంది. పోలిక కోసం తీసుకున్న ఇతర ఇంటిపేర్లవాళ్లలో అది ఒక్కరికీ లేదు. ఈ ఫలితాలు 2000లో అచ్చయ్యాయి. సైక్స్‌లందరికీ మూలపురుషుడు ఒక్కడే అయి ఉండాలని ఆయన తేల్చాడు.

చరిత్రకారులు అంతకుముందు ఇందుకు విరుద్ధంగా అనుకునేవారు. ఆ పేరుకు మూలం కొండవాలుల్లోని సన్నటి వాగు. ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ పడమటి భాగంలో అలాంటి వాగులకు కొదవ లేదు. వాగు పక్కన ఇల్లున్న ప్రతి ఊళ్లోనూ ఒక సైక్స్ కుటుంబం విడివిడిగా పుట్టి ఉండవచ్చు కదా? ఊరి పేరే ఇంటిపేరైన తెలుగువాళ్లకు ఈ సందేహం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒకే పేరున్న ఊళ్లు మనకు ఎన్ని లేవు!

నాకు ఇష్టమైన లెక్క ఇక్కడే మొదలవుతుంది. ఇంగ్లండ్‌లో గొప్ప కుటుంబాల పేర్లు ఎందుకు అంతరిస్తున్నాయని ఆంగ్ల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1873లో ఒక పత్రికలో గణిత సమస్య ఇచ్చాడు. హెన్రీ విలియం వాట్సన్ అనే మతాధికారి దాన్ని సాధించాడు. 1874లో ఇద్దరూ కలిసి పత్రం ప్రచురించారు.

వంద మంది మగవాళ్లు, వంద ఇంటిపేర్లు ఉన్నాయనుకోండి. సగటున ఒక్కొక్కరికి ఒక కొడుకు. జనాభా పెరగదు, తగ్గదు. కానీ సగటు ఒకటైనంత మాత్రాన అందరికీ ఒక్కో కొడుకు పుట్టడు. కొందరికి ముగ్గురు పుడతారు, కొందరికి అసలు పుట్టరు. పాయిసాన్ పంపిణీ (సగటు తెలిస్తే ఎందరికి ఎంతమంది పుడతారో అంచనా కట్టే సూత్రం) ప్రకారం కొడుకులు లేనివాళ్లు దాదాపు 37 మంది. అంటే ఒక్క తరంలోనే 37 పేర్లు పోయాయి. రెండో తరానికి పోయినవి 53, అయిదో తరానికి 73, పదో తరానికి 84. ఇంగ్లండ్‌లో ఇంటిపేర్లు స్థిరపడి సుమారు ఏడు వందల ఏళ్లు. తరానికి ముప్ఫై ఏళ్ల చొప్పున అది 23 తరాలు. అప్పటికి మిగిలేవి సుమారు ఎనిమిది పేర్లే. మగవాళ్లు మాత్రం ఇంకా వంద మందే! మిగిలిన ఒక్కో పేరు కింద సగటున పన్నెండు మందికి పైగా చేరతారు. ఎవరి గొప్పతనమూ లేదు, ఎవరి లోపమూ లేదు. కేవలం యాదృచ్ఛికత.

జనాభా పెరుగుతుంటే? పేరు ఎప్పటికైనా అంతరించే సంభావ్యత q అనుకుంటే, సగటు కొడుకుల సంఖ్య m అయినప్పుడు q = e^(m(q−1)) అవ్వాలి (e అంటే సుమారు 2.718). q = 1 ఎప్పుడూ ఒక సాధనే. వాట్సన్ అక్కడే ఆగిపోయి, పేర్లన్నీ చివరికి పోవలసిందేనన్నాడు. m ఒకటి కంటే ఎక్కువైతే ఇంకో సాధన ఉంటుంది, అసలు జవాబు అదే. m = 1.1 అయితే q సుమారు 0.82. తరతరానికి జనాభా పది శాతం పెరుగుతున్నా నూటికి 82 పేర్లు నశిస్తాయన్నమాట. ఈ సంగతి ఫ్రెంచి గణితజ్ఞుడు బియెనెమె 1845లోనే సరిగ్గా చెప్పాడు, ఎవరూ పట్టించుకోలేదు. సంభావ్యత పాఠం ఎప్పుడూ పాచికలతో, రంగు బంతులతోనే ఎందుకు చెప్పాలి? తరగతిలో ప్రతి పిల్లవాడికీ ఇంటిపేరు ఉంది, దాంతో మొదలుపెడితే ఈ లెక్క వాళ్లు జన్మలో మరచిపోరు.

ఈ లెక్క తీసుకుని మళ్లీ యార్క్‌షైర్‌కు వద్దాం. ఇంటిపేర్లు స్థిరపడుతున్న ఆ కాలంలోనే, 1348-49లో, ప్లేగు వచ్చి ఇంగ్లండ్ జనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా తుడిచిపెట్టింది. చాలా పేర్లు మొలకలోనే పోయి ఉంటాయి. తర్వాత హడర్స్‌ఫీల్డ్ చుట్టుపక్కల లోయల్లో ఉన్ని నేత పెరిగింది. కొండవాలుల్లో చిన్న కమతం, ఇంట్లో మగ్గం ఉంటే కొడుకులు ఊరు వదలక్కర్లేదు. కాబట్టి మొదట పదిమంది సైక్స్‌లు ఉన్నా, తొమ్మిది వంశాలు ఆగిపోయి ఒక్కటే విస్తరించినా, ఈరోజు డీఎన్‌ఏలో ఇదే దృశ్యం కనిపిస్తుంది. సగం మందిలో ఒకే నమూనా ఉందంటే మొదట ఒక్కడే ఉన్నాడని నిరూపణ కాదు, ఒక వంశం బాగా నిలిచిందని మాత్రమే. బ్రయాన్ సైక్స్ తీర్పుతో నేను విభేదించేది ఇక్కడే.

మిగిలిన సగం మాట? దత్తత, మారుతండ్రి పేరు, పెళ్లికాని తల్లి పేరు, ఆస్తి కోసం మామగారి పేరు పెట్టుకున్న అల్లుడు, రహస్య సంబంధాలు, ఇవన్నీ గొలుసును తెంపుతాయి. ఆ పరిశోధనలో ఇది తరానికి 1.3 శాతమని అంచనా కట్టారు.

కదలకుండా ఉన్నవాళ్లతో పాటు కదిలినవాళ్లూ ఉన్నారు. సైక్స్‌లలో లీడ్స్ బట్టల వ్యాపారుల శాఖ ఒకటి హల్ రేవుకు చేరి స్వీడన్ ఇనుముతో సంపన్నమైంది. ఉస్మానియా సామ్రాజ్యపు అరబ్బు ప్రాంతాలను బ్రిటన్, ఫ్రాన్స్ రహస్యంగా పంచుకున్న 1916 నాటి సైక్స్-పికో ఒప్పందంలోని మార్క్ సైక్స్ ఆ కుటుంబం వాడే. ఆయన 1919లో ఫ్లూతో చనిపోతే సీసపు పెట్టెలో పాతిపెట్టారు. ఆనాటి వైరస్ జాడ కోసం 2008లో ఆ సమాధిని తెరిచారు. బ్రాడ్‌ఫర్డ్ దగ్గర పుట్టిన విలియం హెన్రీ సైక్స్ ఈస్టిండియా కంపెనీ సైన్యంతో దక్కనుకు వచ్చి పక్షుల మీద పరిశోధన చేశాడు. తెలంగాణ రాతినేలల్లో కనిపించే ఒక భరతపక్షికి ఇంగ్లీషులో ఆయన ఇంటిపేరే ఉంది.

"మా వంశం రక్తంలోనే ఉంది" అనేవాళ్లకు ఒక లెక్క. 23 తరాల వెనక్కి వెళితే వంశవృక్షంలో పూర్వీకుల స్థానాలు 83 లక్షలు దాటుతాయి. ఇంటిపేరు ఇచ్చినవాడిది అందులో ఒక్క స్థానం. ఆయన నుంచి కచ్చితంగా వచ్చిందని చెప్పగలిగేది వై క్రోమోజోమ్ మాత్రమే, అది మొత్తం జన్యురాశిలో సుమారు రెండు శాతం. ఇంటిపేరును బట్టి తెలివినీ గుణాన్నీ అంచనా వేయడం శుద్ధ మూఢనమ్మకం.

అదే యార్క్‌షైర్ తూర్పు భాగంలో ఒక అరుదైన ఇంటిపేరును లెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించి 2007లో ఫలితం చెప్పారు. ఆ పేరున్న 18 మందిలో ఏడుగురికి ఏ1 అనే, పశ్చిమ ఆఫ్రికా మూలాలను సూచించే వై క్రోమోజోమ్ ఉంది! చర్చి రికార్డుల వంటివి తవ్వితే ఆ ఏడుగురూ రెండు కుటుంబాలుగా తేలారు. రెండింటి మూలాలూ 18వ శతాబ్దం చివర యార్క్‌షైర్‌లోనే దొరికాయి. 77 గుర్తులతో పోలిస్తే ఆ రెండు కుటుంబాలూ అంతకు కొద్ది తరాల ముందు ఒకటేనని తెలిసింది. ఆ తొలి ఆఫ్రికన్ రోమన్ల కాలంలో వచ్చాడా, బానిస వ్యాపార కాలంలోనా అన్నది మాత్రం క్రోమోజోమ్ చెప్పదు.