సూపర్ కండక్టర్ వేడిని మోయదు: అపోహలు - వాస్తవాలు

"సూపర్ కండక్టర్‌లో కరెంటుకి అడ్డే లేనప్పుడు వేడి కూడా అంతే సులువుగా పోవాలి కదా సర్?" శాంపిళ్లను సున్నా కెల్విన్‌కి (మైనస్ 273 డిగ్రీలు) దగ్గరగా చల్లబరిచే మా డైల్యూషన్ ఫ్రిజ్ దగ్గరికి కొత్తగా వచ్చిన విద్యార్థులు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఈ నెలలోనే మూడుసార్లు విన్నాను.

అపోహ: సూపర్ కండక్టర్ వేడిని కూడా బ్రహ్మాండంగా మోస్తుంది.

పూర్తిగా తప్పు. రాగిలో కరెంటునీ వేడినీ మోసేది అవే ఎలక్ట్రాన్లు. ఆ అలవాటే ఇక్కడ కొంప ముంచుతుంది. సూపర్ కండక్టర్‌లో కరెంటు మోసే కూపర్ జంటలకు (రెండేసి ఎలక్ట్రాన్ల జతలు) ఎంట్రోపీ, అంటే వేడి వెంట ఉండే అస్తవ్యస్తత, లేదు, కాబట్టి అవి వేడిని మోయలేవు. మోయగలిగినవి జంట విడిన ఎలక్ట్రాన్లే, చల్లబడేకొద్దీ అవి ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గిపోతాయి. అల్యూమినియం 1.2 కెల్విన్ దగ్గర సూపర్ కండక్టర్ అవుతుంది. 100 మిల్లీకెల్విన్‌కి (0.1 కెల్విన్) దిగేసరికి దాని ఎలక్ట్రాన్లు మోసే వేడి లేనట్టే లెక్క. ఫోనాన్లు (పరమాణువుల కంపనాలు) మోసే కాస్త మాత్రం మిగులుతుంది.

మామూలు లోహానికి సూపర్ కండక్టర్ అతికిన చోట చూడండి. గ్యాప్ (సూపర్ కండక్టర్‌లోకి ఒంటరి ఎలక్ట్రాన్ వెళ్లడానికి కావలసిన కనీస శక్తి) కంటే తక్కువ శక్తితో వచ్చిన ఎలక్ట్రాన్ ఇంకో ఎలక్ట్రాన్‌ని తోడు తీసుకుని జంటగా లోపలికి పోతుంది, ఒక హోల్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీ) వెనక్కి వస్తుంది. రెండు ఎలక్ట్రాన్ల చార్జి దాటింది, శక్తి మాత్రం హోల్‌తో వెనక్కే వచ్చేసింది. 1964లో సోవియెట్ భౌతిక శాస్త్రవేత్త ఆంద్రేయెవ్ దీన్ని కనిపెట్టింది వేడి ఎలా పారుతుందో లెక్క కడుతూనే. నాకు ఎప్పటికీ పాతబడని సంగతి ఇది.

రెండేళ్ల కిందట ఒకమ్మాయి మూడు వారాలు సరిగా నిద్రపోలేదు. ఫ్రిజ్ థర్మామీటర్ 15 మిల్లీకెల్విన్ చూపిస్తోంది. టన్నెల్ జంక్షన్ (మధ్యలో సన్నని ఇన్సులేటర్ పొర ఉన్న అతుకు) గ్రాఫ్ గీస్తే శాంపిల్‌లో ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత 100 మిల్లీకెల్విన్ పైనే ఉంది. "నా చేతిలోనే ఏదో లోపం ఉంది సర్" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. శాంపిల్ బాగానే ఉంది. హోల్డర్‌ని చల్లబరిచే రాగి పట్టీని అంతకుముందెవరో తగరం-సీసం టంకంతో అతికించారు. అది 7 కెల్విన్ దగ్గరే సూపర్ కండక్టర్ అయిపోయి వేడికి గోడలా నిలబడింది. టంకం తీసేసి, బంగారు పూత వేసిన రాగి ముక్కల్ని బోల్టుతో బిగించాం. తర్వాతి కూల్‌డౌన్‌లో ఎలక్ట్రాన్లు 30 మిల్లీకెల్విన్‌కి దిగాయి. అంకె తేడాగా వస్తే మిమ్మల్ని మీరు తిట్టుకునే ముందు అతుకులు చూడండి.

అపోహ: జంక్షన్ కూలర్లతో (ఇలాంటి అతుకు గుండా వేడి ఎలక్ట్రాన్లను బయటికి లాగే పరికరాలు) రేపు ఇంటి ఏసీ వచ్చేస్తుంది. రాదు. 1996లో యుక్కా పెకోలా బృందం ఇలాంటి కూలర్‌తో ఎలక్ట్రాన్లను 300 మిల్లీకెల్విన్ నుంచి 100కి దించింది, గొప్ప పని. కానీ లాగిన వేడి పికోవాట్లలో (వాట్‌లో లక్ష కోట్ల వంతు) ఉంది.

అపోహ: గది వేడిలో పనిచేసే సూపర్ కండక్టర్ 2023లోనే దొరికింది. ఇతర ల్యాబులు చేసి చూస్తే నిలబడలేదు. ఆ ఫార్వర్డులు ఇక ఆపండి.

అపోహ: వేడిని మోయదు కాబట్టి ఫ్రిజ్‌లో సూపర్ కండక్టర్ పనికిరాదు. పనికొస్తుంది. నయోబియం-టైటేనియం సూపర్ కండక్టర్ కేబుళ్లు వాడేది వేడిని మోయవనే. సిగ్నల్ దాదాపు నష్టం లేకుండా వస్తుంది, ఫ్రిజ్‌లో పైనున్న 4 కెల్విన్ అంతస్తు వేడి పెద్దగా కిందికి దిగదు. శాంపిల్‌ని చల్లబరచడానికి మాత్రం ఆ కేబుల్‌ని నమ్ముకోవద్దు, రాగి దారి విడిగా వేయండి.