ఒంగోలు గిత్త చిట్టా బ్రెజిల్ చేతికి ఎలా వెళ్లింది?

దేశవాళీ ఆవుల కోసం తయారైన ‘గౌ చిప్’ను 2024 అక్టోబరులో మహారాష్ట్రలోని వాశిమ్‌లో ప్రధాని విడుదల చేశారు. అంతకు మూడేళ్ల ముందే, 2021 ఆగస్టులో, హైదరాబాద్‌లోని జాతీయ జంతు జీవసాంకేతిక సంస్థ రూపొందించిన ‘ఇండిగౌ’ వచ్చింది. దూడ చెవి నుంచి తీసిన రవ్వంత కండతో దాని జన్యువుల్లో వేల చోట్ల ఉన్న తేడాలను ఈ చిప్‌లు చదివేస్తాయి. మరి ఒంగోలు పశువుకు వీటివల్ల ఒరిగేదేమిటి? జవాబు కావాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. ఆ కథలో సగం సముద్రానికి అవతల నడిచింది.

మొదటి సగం మాత్రం గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న మన ఊళ్లదే. ఇంటి పెద్ద కాలం చేస్తే ఆయన పేరిట ఒక కోడెదూడను దేవుడికి వదిలేవారు. అందుకు ఏదో ఒక దూడ సరిపోయేది కాదు. ఊళ్లో తెలిసినవాళ్లు నలుగురు కూర్చుని ఎంచేవారు. తల్లి ఎన్ని పాలిచ్చింది, తండ్రి కాడి కింద ఎలా నడిచింది అని ఆరా తీసేవారు. మూపురం నిటారుగా నిలిచిందా, గంగడోలు మడతలు పడి వేలాడుతోందా, గిట్టలు నల్లగా ఉన్నాయా, సుళ్లు ఎక్కడ పడ్డాయి అని తడిమి చూసేవారు. అచ్చు వేసి వదిలిన ఆ ఆబోతు ఎవరి చేలో పడినా కర్ర ఎత్తేవారు కాదు. ఊరి ఆవులన్నిటికీ అదే. భక్తి పేరుతో సాగినా, నా దృష్టిలో ఇది పక్కా పశు ప్రజనన పథకం. లోటు ఒక్కటే, ఇదంతా నోటి మాటగానే ఉండిపోయింది. ఎంచినవాళ్లతోపాటే లెక్కలూ పోయాయి.

1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుకే దొరలు ఈ పశువును నెల్లూరు జాతి అన్నారు. బ్రెజిల్ నోట్లో అది ‘నెలోరె’ అయింది. ఇంగ్లండు వెళ్తున్న ఓడ ఒకటి 1868లో బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో ఆగినప్పుడు అందులోని ఒంగోలు జంటను అక్కడే అమ్మేశారని చెబుతారు. పదేళ్ల తర్వాత లెమ్‌గ్రూబర్ అనే బ్రెజిల్ రైతు హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి మరో జంటను కొనుక్కెళ్లాడు. అసలు మలుపు 1960ల మొదట్లో వచ్చింది. అప్పుడు ఓడెక్కిన గిత్తల్లో ఒకదాని పేరు కర్వది. ఒంగోలు పక్కనే ఉన్న కరవది ఊరి పేరే అది. ఈనాటి నెలోరె వంశావళి పుస్తకాలు తిరగేస్తే కర్వదితోపాటు గోదావరి, ఆకాశము అనే ఆబోతుల పేర్లూ కనిపిస్తాయి. పోర్చుగీసు లిపిలో తెలుగు పేర్లు చదివినప్పుడు గర్వం, బాధ రెండూ కలుగుతాయి.

మనం నోటితో చెప్పుకున్నదాన్ని వాళ్లు కాగితం మీద పెట్టారు. మూపురపు జాతుల అధికారిక వంశ నమోదు అక్కడ 1938లో మొదలైంది. ఏ దూడ ఏ తల్లికి పుట్టింది, పాలు మరిచేనాటికి బరువెంత, ఎన్నో నెలలో ఎదకు వచ్చింది అన్నీ రాశారు. ఆ రాతల దన్నుతోనే జన్యుశాస్త్రం అక్కడ చకచకా సాగింది. మూపురం ఉన్న పశువుల్లో మొట్టమొదట పూర్తి జన్యుపటం వెలువడింది 2012లో, ఒక నెలోరె ఆబోతుది. యూరప్ జాతి ఆవు పటం అప్పటికి మూడేళ్ల ముందే, 2009లో వచ్చింది.

జన్యు పరీక్షలు మరో సంగతినీ బయటపెట్టాయి. కణంలోని మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే వస్తుంది. నెలోరె ఆవుల్లో ఎక్కువ భాగం మైటోకాండ్రియా మనది కాదు, యూరప్ పశువులది. భారతదేశం నుంచి అన్ని జాతులూ కలిపి బ్రెజిల్ చేరినవి సుమారు ఏడు వేలే, అందులోనూ ఆబోతులే ఎక్కువ. వాటిని అక్కడి నాటు ఆవులతో కలిపి, పుట్టిన పెయ్యలను మళ్లీ ఒంగోలు ఆబోతులతోనే కలుపుతూ తరాల తరబడి మంద పెంచారు. 2023లో గిన్నిస్‌కెక్కిన వియాటినా-19 ఈ నెలోరె జాతి ఆవే. వేలంలో దాని మూడో వంతు వాటా పలికిన ధరను బట్టి మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది.

బ్రెజిల్‌లో ఈ రాతలు సాగుతున్న కాలంలోనే ఇక్కడ దారి మారింది. పాలు కావాలి కాబట్టి జెర్సీ, హోల్‌స్టీన్ అనే విదేశీ జాతుల వీర్యంతో సంకరం చేశాం. దుక్కికి ట్రాక్టరు వచ్చింది. ఒంగోలు గిత్త బండలాగుడు పోటీలకు, తిరునాళ్లకు పరిమితమవుతూ వచ్చింది. 2019 పశుగణన నాటికి దేశవాళీ, నాటు పశువులు అంతకు ముందు గణనతో పోలిస్తే ఆరు శాతం తగ్గాయి. సంకరం తప్పని నేననను, దానివల్లే ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది. దాని పక్కనే సొంత జాతి లెక్కలు రాసుకోకపోవడమే నష్టం.

చిప్ పనిచేసే తీరు చూస్తే ఆ నష్టం ఎంతటిదో తెలుస్తుంది. పూర్వం ఆబోతు సత్తా తేలాలంటే దాని కూతుళ్లు ఈని పాలివ్వాలి. ఒంగోలు పెయ్య తొలి ఈతకే నాలుగేళ్లు పడుతుంది, అంటే ఆబోతు పుట్టాక ఎనిమిదేళ్లకు పైగా ఆగాలి. మ్యూవిసెన్, హేస్, గొడ్డార్డ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 2001లో దీనికి దగ్గరి దారి చూపారు. పాలు, బరువు లెక్కలు ఉన్న వేల పశువుల జన్యువులను ముందుగా చదివి, ఏ తేడాకు ఎంత ఫలమో లెక్కగట్టాలి. తర్వాత పుట్టినరోజునే దూడను అంచనా వేయవచ్చు. 2009 నుంచి అమెరికా హోల్‌స్టీన్ ఆబోతులను అధికారికంగా ఇలాగే ఎంచుతోంది.

ఆరోగ్యానికీ ఇది అక్కరకొచ్చింది. 1962లో పుట్టిన ‘చీఫ్’ అనే అమెరికా హోల్‌స్టీన్ ఆబోతు సంతతి లోకమంతా పాకింది. దానిలో దాగిన ఒక జన్యులోపం వల్ల 35 ఏళ్లలో సుమారు 5 లక్షల 25 వేల చూళ్లు పోయాయని తర్వాత తేలింది. జన్యుపటం వచ్చాకే ఆ లోపాన్ని పట్టుకుని, మోస్తున్న ఆబోతులను పక్కన పెట్టగలిగారు. కొద్ది ఆబోతుల మీదే మంద అంతా నిలబడితే వచ్చే ముప్పు ఇదే. కర్వది వంటి కొద్ది ఆబోతుల వంశాల మీద ఎక్కువగా ఆధారపడిన నెలోరెకూ ఇది వర్తిస్తుంది.

బ్రెజిల్ లెక్కలనే తెచ్చుకుంటే సరిపోదా అని అడిగేవారున్నారు. సరిపోదు. వాళ్లు మాంసం కోసం ఎంచారు. మనకు కావలసింది పాలు, కాడి బలం, ఎండను తట్టుకునే ఒళ్లు. ఆ లెక్క ఇక్కడి కొట్టాల్లోనే పుట్టాలి. గుంటూరు దగ్గరి లాం ఫారంలో, నెల్లూరు జిల్లా చింతలదేవిలోని జాతీయ కామధేను ప్రజనన కేంద్రంలో ఒంగోలు మందలున్నాయి. కేంద్ర పశు నమోదు పథకానికి ఒంగోలులో విభాగమూ ఉంది. వీటి బయట, రైతు ఇంట్లో ఉన్న ఆవు చెవికి ఇప్పుడు పన్నెండు అంకెల పసుపు బిళ్ల వేలాడుతోంది. ఊరి ఆబోతుకు కట్టి ఈనిన ఆ ఆవు దూడకు రేపు బిళ్ల వేసేటప్పుడు, తండ్రి పేరు ఏమని రాయాలో చెప్పగలిగిన మనిషి చాలా ఊళ్లలో లేడు.